గళ్ల జెండా వెంట బుల్టాకో

అందరికీ నమస్కారం.

స్పెయిన్ మోటార్‌సైకిల్ కంపెనీ బుల్టాకో కథ చెప్పాలంటే ముందు మోంటెసా పేరు ఎత్తాలి. బార్సిలోనాలో పెరె పెర్మాన్యేర్, పాకో బుల్టో కలిసి పెట్టిన మోటార్‌సైకిల్ కంపెనీ అది. 1958లో డబ్బుకు ఇబ్బందిగా ఉంది, రేసులు ఆపేద్దాం అన్నారు కంపెనీలో మిగతావాళ్లు. బుల్టోకి అది మింగుడుపడలేదు, బయటికి వచ్చేశారు. రేసింగ్ విభాగంలో పనిచేసినవాళ్లు చాలామంది ఆయన వెంటే వచ్చారు. అలా పుట్టిన బుల్టాకో 1959 మార్చిలో తన మొదటి బండిని, 125 సీసీ ట్రాయా 101ని, జనానికి చూపించింది.

బండి మీద ఉండే పైకెత్తిన బొటనవేలు గుర్తు కూడా రేసులోంచి వచ్చిందే. బ్రిటిష్ రేసర్ డేవిడ్ విట్‌వర్త్ పరుగు మధ్యలో తన మెకానిక్‌లకు అంతా బాగుందని చేసిన సైగ బుల్టోకి నచ్చింది. రేసు ముగింపులో ఊపే గళ్ల జెండా ఎటు ఊగితే అమ్మకాలు అటే వెళ్తాయని ఆయన నమ్మకం. నాకైతే అమ్మకాలు ఆయనకు రెండో మాట అనిపిస్తుంది. రేసులు లేకపోతే ఆ కంపెనీయే లేదు కదా!

ఇక ట్రయల్ పోటీల సంగతి. ఇందులో వేగంతో పని లేదు. బండరాళ్ల మీదుగా, వాగుల్లోంచి, జారుడు గట్ల మీదికి బండిని పోనివ్వాలి. కాలు కింద పెడితే తప్పు పాయింట్ పడుతుంది, ఆగిపోతే ఇంకా ఎక్కువ. 1960ల మొదట్లో ఈ ఆట బ్రిటన్‌లో తయారైన బరువైన ఫోర్-స్ట్రోక్ (పిస్టన్ నాలుగు కదలికలకు ఒకసారి ఇంధనం మండే ఇంజిన్) బండ్లది. అందులో మహారాజు శామీ మిల్లర్, ఆయన బండి 500 సీసీ ఏరియల్. అలాంటి మనిషిని బుల్టో 1964లో స్పెయిన్‌కు రప్పించారు. మిల్లర్ 12 రోజుల్లో బుల్టాకో బండి రూపురేఖలే మార్చేశాడు. అదే షెర్పా టీ. ఒకే సిలిండర్, 250 సీసీ లోపు టూ-స్ట్రోక్, అంటే రెండు కదలికలకే ఇంధనం మండే ఇంజిన్. పాత యెజ్డీ, రాజ్‌దూత్ నడిపినవాళ్లకు ఆ శబ్దం, ఆ పొగ ఊహించుకోవడం కష్టం కాదు.

1965లో స్కాట్లాండ్‌లో ఆరు రోజులు జరిగే ట్రయల్ పోటీ, స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్‌ను మిల్లర్ షెర్పా మీద గెలిచాడు. ఆ పోటీని బ్రిటన్‌ది కాని బండి గెలవడం అదే మొదటిసారి. కొద్ది ఏళ్లలోనే ఆ పెద్ద ఫోర్-స్ట్రోక్‌లు పోటీల్లోంచి తప్పుకున్నాయి. ఒక బండి మొత్తం ఆటనే మార్చేయడం నాకు తెలిసి చాలా అరుదు. 1975లో ప్రపంచ ట్రయల్ చాంపియన్‌షిప్ మొదలైతే, మొదటి ఐదేళ్లూ టైటిల్ బుల్టాకోదే. మార్టిన్ లాంప్‌కిన్ ఒకసారి, ఫిన్లాండ్‌కు చెందిన యుర్యో వెస్టెరినెన్ వరుసగా మూడుసార్లు, 1979లో అమెరికన్ బెర్నీ ష్రైబర్.

మిగతా రంగాల్లోనూ గెలుపులున్నాయి. 1966 అల్‌స్టర్ గ్రాండ్ ప్రిలో 250 సీసీ రోడ్డు రేసు జింజర్ మొల్లాయ్ బుల్టాకో మీద గెలిచాడు. 1973లో జిమ్ పొమెరాయ్ స్పెయిన్ మోటోక్రాస్ (మట్టి దారుల్లో జరిగే రేసు) గ్రాండ్ ప్రి గెలిచి, ఆ స్థాయిలో గెలిచిన తొలి అమెరికన్ అయ్యాడు. 50 సీసీలో ఆంఖెల్ నియెతో 1976, 1977లో, రికార్డో టోర్మో 1978లో ప్రపంచ చాంపియన్లు.

అప్పటికే కంపెనీ అప్పుల్లో, కార్మికుల సమ్మెల్లో చిక్కుకుంది. 1979లో మూతపడి, మళ్లీ తెరుచుకుని, 1983లో పూర్తిగా ఆగిపోయింది. ఆ కష్టకాలంలోనే, 1981లో, టోర్మో బుల్టాకో మీద మరో ప్రపంచ టైటిల్ గెలిచాడు. మోటోజీపీ బైక్ రేసులు చూసేవాళ్లకు వాలెన్సియా సర్క్యూట్ తెలిసే ఉంటుంది. దానికి పెట్టిన పేరు ఆ టోర్మోదే.