పొద్దున్నే కడుపు ఎందుకు గోల చేస్తుంది?

అందరికీ నమస్కారం.

మీ వాకర్స్ సంఘం కార్యదర్శి గారు షుగర్ గురించో, బీపీ గురించో మాట్లాడమని పిలిచారు. ఈ విషయం నేనే అడిగి తీసుకున్నాను. షుగర్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. లేవగానే కడుపులో తిప్పడం, పుల్లటి తేన్పులు, గొంతు మంట, బయల్దేరే ముందు మూడు సార్లు బాత్రూమ్‌కి వెళ్లాల్సి రావడం, ఇలాంటివి మాత్రం మనవాళ్లు డాక్టర్ దగ్గర కూడా నోరు విప్పి చెప్పరు. మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర అడిగి తెచ్చుకుని ఏళ్ల తరబడి మింగుతూ ఉంటారు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒకటే. పొద్దున వచ్చే కడుపు బాధకి కారణం చాలాసార్లు ముందు రోజు రాత్రే మొదలవుతుంది. అందుకని రాత్రిని సరిచేయకుండా పొద్దున మాత్ర వేసుకుంటే బాధ కొద్దిసేపు అణగుతుందే కానీ పోదు.

ముందుగా, ఆ సమయంలో లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మనం నిద్రపోయినప్పుడు పెద్దపేగు కూడా దాదాపు నిద్రపోతుంది. మెలకువ రాగానే కదలడం మొదలుపెడుతుంది. మలాన్ని కిందికి నెట్టే బలమైన కదలికలు రోజు మొత్తంలో కొన్నిసార్లే వస్తాయి. అవి ఎక్కువగా వచ్చేది నిద్ర లేచాక, ఆ తర్వాత టిఫిన్ తిన్నాక. పొట్టలో ఏదైనా పడగానే పెద్దపేగు స్పందించడం పుట్టుకతో వచ్చిన గుణం. పసిపిల్లలు పాలు తాగుతూనే గుడ్డలు పాడు చేసేది అందుకే. దీనికి తోడు, లేచిన అరగంట, ముప్పావు గంటలో ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను బాగా పెరుగుతుంది. ఆఫీసు, స్కూలు బస్సు, పిల్లల పరీక్షలు, ఈ టెన్షన్లన్నీ గుర్తొచ్చేది కూడా అప్పుడే. పేగుకి, మెదడుకి మధ్య నరాల సంబంధం చాలా గట్టిది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా పొద్దున కడుపులో కాస్త సందడి ఉంటుంది. దాన్ని జబ్బు అనుకోకండి.

కాఫీ సంగతి చాలామంది అడుగుతారు. కాఫీ గొంతు దిగితే కానీ మోషన్ రాదనేది ఉత్త అలవాటు మాత్రమే కాదు. 1990లో బ్రిటన్‌లో దీన్ని కొలిచి చూశారు. కొంతమందిలో కాఫీ తాగిన 4 నిమిషాల్లోనే పెద్దపేగు చివరి భాగంలో కదలిక పెరిగింది. కెఫీన్ తీసేసిన కాఫీ ఇచ్చినా పెరిగింది. ఉత్త వేడినీళ్లు ఇస్తే పెరగలేదు. మలబద్ధకం ఉన్నవాళ్లకి ఇది మంచిదే. ఇప్పటికే రెండు మూడు సార్లు వెళ్లాల్సి వస్తున్నవాళ్లు మాత్రం పరగడుపున కాఫీ మానేసి, టిఫిన్ తర్వాత తాగి చూడాలి. మన కాఫీలో పాలు కూడా ఉంటాయి. దక్షిణాదిలో పెద్దవాళ్లలో చాలామందికి పాలలోని చక్కెరను అరిగించే శక్తి తక్కువ. చిన్న కప్పు కాఫీకి ఏమీ కాకపోవచ్చు. పెద్ద గ్లాసుడు పాలు తాగి గంట తిరక్కుండానే కడుపులో గుడగుడలు, ఉబ్బరం, పల్చటి విరేచనం వస్తుంటే, 2 వారాలు పాలు మానేసి చూడండి. పెరుగు, మజ్జిగ మానక్కర్లేదు. తోడు పెట్టినప్పుడు ఆ చక్కెర కొంత తగ్గిపోతుంది. పెరుగులోని బాక్టీరియా మిగతాదాన్ని అరిగించడానికి సాయపడుతుంది.

ఇప్పుడు రాత్రి సంగతికి వద్దాం. ఒకప్పుడు మన పల్లెల్లో దీపాలు పెట్టే వేళకి అన్నాలు తినేవారు. ఇప్పుడు సీరియల్ అయ్యాక, అమెరికా కాల్ అయ్యాక, షాపు కట్టేసి వచ్చాక పదింటికో పదకొండింటికో భోజనం. వెంటనే పడక. నూనె, మాంసం ఎక్కువగా ఉన్న భోజనం పొట్టలోంచి కిందికి దిగడానికి 4 గంటలో, ఇంకా ఎక్కువో పడుతుంది. నిండు పొట్టతో పడుకుంటే పొట్టలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. మెలకువగా ఉన్నప్పుడైతే లాలాజలం మింగుతూ ఉంటాం కాబట్టి అది కడిగేసుకుపోతుంది. నిద్రలో లాలాజలం ఊరడం, మింగడం రెండూ బాగా తగ్గిపోతాయి. అందుకని ఆ ఆమ్లం చాలాసేపు అక్కడే ఉండి మంట పెడుతుంది. పొద్దున నోరు పుల్లగా ఉండటం, గొంతు బొంగురుపోవడం, పొడి దగ్గు, లేవగానే వికారం చాలామందిలో దీనివల్లే.

దీనికి మొదటి మందు, భోజనానికీ పడకకీ మధ్య 3 గంటల ఎడం. అది కుదరని ఉద్యోగమైతే ఎక్కువ తిండిని సాయంత్రం ఆరు, ఏడింటికి జరిపి, రాత్రి ఇంటికొచ్చాక కాస్త పెరుగన్నమో రెండు ఇడ్లీలో తినండి. రెండోది, మంచం తల వైపు కోళ్ల కింద ఇటుకలో చెక్కలో పెట్టి 6 నుంచి 8 అంగుళాలు ఎత్తు చేయండి. రెండు మూడు దిళ్లు పెట్టుకుంటే చాలనుకుంటారు. అలా పెడితే మెడ, నడుము వంగి పొట్ట మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మంచమే వాలుగా ఉండాలి. మూడోది, ఎడమ పక్కకి తిరిగి పడుకోండి. పొట్ట అమరిక వల్ల అటు పడుకుంటే ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది. బొజ్జ తగ్గించుకోవడం, మద్యం, సిగరెట్, గుట్కా మానడం కూడా ఇందులో భాగమే. వీటిని సలహాలుగా తీసుకోకండి, వైద్యంగా తీసుకోండి. నేను రాసే మాత్ర కన్నా వీటితోనే బాగుపడినవాళ్లు నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎంతోమంది ఉన్నారు.

ఇక్కడ ఒక అలవాటు గురించి ఆగి చెప్పాలి. తెల్లవారి ఏ వీధిలో నడిచినా వినిపిస్తుంది. పెరటి కుళాయి దగ్గర ఒకాయన నాలుక బద్దని నాలుక మొదలు దాకా పోనిచ్చి, లేదా రెండు వేళ్లు గొంతులో పెట్టి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఓక్ ఓక్ అని కక్కుతూ ఉంటాడు. చివరికి పసుపుపచ్చటి చేదు నీళ్లు కొంచెం పడతాయి. పైత్యం పోయింది, ఒళ్లు తేలికైంది అంటాడు. ఆ పసుపు నీళ్లు రాత్రంతా పేరుకున్న విషం కాదు. పరగడుపున ఎవరు కక్కినా వచ్చేవి అవే, పొట్టలో ఊరే రసం, కొంచెం పైత్యరసం. పైత్యరసం కొవ్వు అరగడానికి కాలేయం తయారుచేసేది, పేగులో ఉండాల్సింది. రోజూ దాన్ని బలవంతంగా పైకి తెస్తే గొంతు, అన్నవాహిక పుండు పడతాయి, పళ్ల మీది ఎనామిల్ అరిగిపోతుంది. గట్టిగా కక్కితే అన్నవాహిక కింది భాగం చీరి రక్తం పడొచ్చు. దయచేసి ఇది మానండి. నాలుక ముందు భాగం, అంటే మూడింట రెండు వంతులు, గీసుకుంటే చాలు.

అలాగే పరగడుపున నీళ్లు. గ్లాసో రెండు గ్లాసులో తాగండి, మంచిదే. ఫోన్లో వీడియో చూసి లీటర్లకి లీటర్లు, అందులోనూ ఉప్పునీళ్లు తాగొద్దు. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి అది ప్రమాదం. ఛాతీలో మంట ఉన్నవాళ్లు నిమ్మరసం, వెనిగర్ జోలికి వెళ్లకండి. మంట ఇంకా ఎక్కువవుతుంది.

ఇంకో రకం బాధ ఉంది. ఒక లెక్చరర్ గారు వచ్చేవారు. కాలేజీ ఉన్న రోజు పొద్దున లేవగానే ఒకసారి, స్నానానికి ముందు ఒకసారి, చెప్పులు వేసుకున్నాక మళ్లీ ఒకసారి. వెళ్లే ముందు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, వెళ్లి వస్తే నిమ్మళం. ఆదివారాలు ఏమీ ఉండేది కాదు. దూరం బస్సు ప్రయాణమంటే ముందు రోజు నుంచే తిండి మానేసేవారు. పరీక్షలన్నీ నార్మల్. "అన్నీ బాగున్నాయి, మీ మనసులోనే ఉంది" అని చెప్పి పంపేశారని ఆయన బాధ. అది మనసులో ఉన్న జబ్బు కాదు. ఐబీఎస్ అంటాం. పేగు కదలికలు, పేగు నరాల సున్నితత్వం మారిపోయి వచ్చే నిజమైన జబ్బు. 3 నెలలుగా సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి వస్తూ, అది విరేచనంతో ముడిపడి ఉంటూ, ఎన్నిసార్లు వెళ్తున్నారో, ఎలా అవుతోందో మారిపోతే దీన్ని అనుమానిస్తాం. ప్రాణానికి ప్రమాదం లేదు. కానీ మనిషి బతుకుని బాత్రూమ్ చుట్టూ కట్టేస్తుంది, అందుకని దీన్ని చిన్నచూపు చూడకూడదు.

వీళ్లకి నేను ముందు చెప్పేది 2 వారాలు నోట్‌బుక్‌లో రాయమని. రాత్రి ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఎన్ని గంటలు పడుకున్నారు, పొద్దున ఏమైంది. రాస్తే ఎవరి కారణం వాళ్లకే కనిపిస్తుంది. కొందరికి పచ్చి ఉల్లిపాయ, కొందరికి రాత్రి శనగలు, రాజ్మా, క్యాలీఫ్లవర్, చాలామందికి కారం. మిరపకాయలోని ఘాటు పదార్థం ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగుని రేపుతుంది. గుంటూరు కారం తిని పెరిగినవాళ్లం, మాకేం కాదు అనుకోవద్దు. అలారం అరగంట ముందుకు జరపండి. హడావుడి తగ్గితే పేగు హడావుడీ తగ్గుతుంది. ఇసబ్‌గోల్ నీళ్లని పట్టి ఉంచుతుంది కాబట్టి పల్చటి విరేచనానికీ, గట్టిగా అయ్యేదానికీ రెంటికీ పనికొస్తుంది. కొంచెంతో మొదలుపెట్టి, నిండా నీళ్లతో తీసుకోవాలి. తగ్గకపోతే మంచి మందులున్నాయి, డాక్టర్‌ని అడగండి.

మీలో చాలామంది వేసుకునే మాత్రల వల్ల కూడా కడుపు బాధ రావచ్చు. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ వికారం, విరేచనాలు తెస్తుంది. భోజనంతో వేసుకుంటే, నెమ్మదిగా కరిగే రకానికి మారితే చాలామందికి సర్దుకుంటుంది. మీ అంతట మీరు మానకండి. మోకాళ్ల నొప్పులకి అదే పనిగా వేసుకునే మాత్రలు పొట్టలో పుండు చేస్తాయి, ఒక్కోసారి నొప్పి కూడా తెలియకుండా. ఇక గ్యాస్ మాత్ర. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి తినడానికి అరగంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. తిన్నాక వేసుకుని పనిచేయట్లేదనేవాళ్లు ఎందరో. చాలాకాలం వాడి ఒక్కసారిగా మానితే కొన్నాళ్లు ఆమ్లం ఎక్కువగా ఊరుతుంది. దాంతో అది లేకపోతే బతకలేమనుకుని మళ్లీ మొదలుపెడతారు. డాక్టర్‌కి చెప్పి మెల్లగా తగ్గించుకోవచ్చు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం అందరూ జాగ్రత్తగా వినండి. గుండెపోటు మిగతా వేళల కన్నా ఉదయం 6 నుంచి మధ్యాహ్నం లోపు ఎక్కువగా వస్తుంది. అది ప్రతిసారీ సినిమాలో చూపించినట్టు ఛాతీ పట్టుకుని పడిపోయేలా రాదు. పై పొట్టలో బరువుగా, తేన్పు రానట్టుగా, వికారంగా మొదలవ్వచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్దవయసువాళ్లలో నొప్పి అసలు లేకపోవచ్చు కూడా. మన ఇళ్లలో ఏం చేస్తారు? గ్యాసేనని సోడా తాగిస్తారు, వాము నమిలిస్తారు, కాసేపు పడుకో అంటారు. ఆ కాసేపట్లో గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. బరువుతో పాటు చెమటలు పడుతున్నా, ఆయాసం ఉన్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకుతున్నా, నడిస్తే ఎక్కువై ఆగితే తగ్గుతున్నా, 108కి ఫోన్ చేయండి. సొంతంగా స్కూటర్ నడుపుకుంటూ వెళ్లకండి. ఈసీజీ తీయించండి. మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినా, బాధ అలాగే ఉంటే మళ్లీ తీయాలి, రక్త పరీక్ష చేయాలి. ఇంటికి పంపిస్తామంటే ఇంకోసారి చూడమని గట్టిగా అడగండి. గ్యాస్ అని తేలితే మంచిదే, పోయిందేమీ లేదు.

మిగతా ప్రమాద సూచనలు కూడా చెప్తాను. మలంలో రక్తం, తారులాగా నల్లటి మలం, ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, ముద్ద దిగకపోవడం, రక్తహీనత. ఐబీఎస్ సాధారణంగా నిద్రలోంచి లేపదు. గాఢ నిద్రలోంచి లేచి విరేచనానికి పరుగెత్తాల్సి వస్తుంటే అది వేరే జబ్బు కావచ్చు. 45, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైనా, ఇంట్లో పెద్దపేగు కాన్సర్ వచ్చినవాళ్లున్నా పరీక్షలు చేయించుకోవాల్సిందే. పొద్దున తలనొప్పితో పాటు వాంతులు రోజూ అవుతుంటే కడుపు వైపు కాదు, తల వైపు చూడాలి. వయసులో ఉన్న ఆడవాళ్లకి పొద్దున వికారమైతే అవి వేవిళ్లేమో ముందు చూసుకుని, ఆ తర్వాతే ఏ మాత్రైనా వేసుకోవాలి.

ఆఖరుగా, ఇక్కడ కూర్చున్న మగవాళ్లతో ఒక మాట. పేగు సహజంగా కదిలే ఆ వేళలో మీ ఇంట్లో ఆడవాళ్లు ఎక్కడుంటున్నారు? స్టవ్ దగ్గర. ఒక పక్క పాలు, ఒక పక్క క్యారేజీలు. వస్తున్నదాన్ని ఆపుకుని, అందరూ వెళ్లాక చూద్దాంలే అనుకుంటారు. అప్పటికి ఆ కదలిక పోతుంది. ఏళ్ల తరబడి ఇలా ఆపుకుంటే మలబద్ధకం, ఉబ్బరం, మొలలు. స్కూల్లో బాత్రూమ్ బాగా లేక ఆపుకునే ఆడపిల్లలదీ ఇదే కథ. మీరు వాకింగ్ నుంచి ఒక 15 నిమిషాలు ముందే ఇంటికి చేరి వంటింట్లో నిలబడండి, ఆవిడ తీరిగ్గా వెళ్లి వస్తారు. వెస్ట్రన్ కమోడ్ ఉంటే కాళ్ల కింద చిన్న పీట వేసుకోమనండి, మోకాళ్లు పైకి లేస్తే ముక్కాల్సిన అవసరం తగ్గుతుంది. పిల్లలు చదివే స్కూల్లో బాత్రూమ్‌లు ఎలా ఉన్నాయో ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మీరే లోపలికి వెళ్లి చూసి రండి, మార్కుల గురించి అడిగే ముందే.

ఇక ప్రశ్నలు అడగండి. అందరి ముందు అడగడానికి ఇబ్బందిగా ఉంటే చీటీ మీద రాసి పంపండి, పేరు రాయక్కర్లేదు.