బీరువా తాళం

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ నాకు ముందు మాట్లాడినవారు చెప్పేశారు, మళ్లీ చెప్పి మీ పొద్దు పోగొట్టను. ముందు వరసలో చాప మీద కూర్చున్న పిల్లలకి మాత్రం విడిగా నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాలని ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా 'పిల్లలు చదవడం లేదు' అనుకుంటాం. నన్నూ దాని గురించే మాట్లాడమన్నారు. మా నాయనమ్మ సంగతి ఎత్తకుండా నేనది చెప్పలేను.

ఆవిడకి అక్షరమ్ముక్క రాదు. మా వీధంతటికీ ఒకటే చందమామ వచ్చేది. నాలుగిళ్లు తిరిగి మా ఇంటికొచ్చేసరికి అట్ట ఊడిపోయి ఉండేది. నాయనమ్మ అన్నం మెతుకులు మెదిపి అంటించి ఎండలో పెట్టేది. రాత్రి పక్కలు వేశాక "చదవవే" అనేది. నేనప్పుడు రెండో తరగతి. వత్తులొచ్చిన చోటల్లా తడబడేదాన్ని. ఆవిడ కసిరేది కాదు, "తర్వాతేమైందే?" అని తొందరపెట్టేది. ఆ తొందరకే నాకు చదువొచ్చింది. బేతాళుడు ప్రశ్న అడగ్గానే నా చెయ్యి పట్టుకునేది. "పేజీ తిప్పకు, ముందు నేను చెబుతా!" అటు మంచం మీంచి తాతయ్య ఇంకోలా చెప్పేవాడు. ఇద్దరికీ వాదన. విక్రమార్కుడి జవాబు చదివాక కూడా ఒక్కోసారి నాయనమ్మ ఒప్పుకునేది కాదు.

అమ్మల్లారా, అయ్యల్లారా, ఇప్పుడు మీ ఇంట్లో పిల్ల చదువుతుంటే వినేదెవరు? "పోయి చదువుకో" అని గదిలోకి పంపేస్తున్నాం. నేనూ నా పిల్లల్ని అలాగే పంపాను. టీచరునై ఉండి పంపాను.

ఇంకో మాట. ఇది చెప్పాలనే వచ్చాను. నేను పనిచేసిన ఒక బడిలో బీరువా నిండా కథల పుస్తకాలుండేవి. పిల్లలు చింపేస్తారని తాళం. తనిఖీ రోజున తప్ప తీసేవారు కాదు. ఇవ్వమని అడిగితే "పోతే మీరు కడతారా?" అన్నారు. కడతానని ఆ పూట అనలేకపోయాను. ఇరవై ఏళ్లయింది, ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. చివరికి తాళం తీసి చూస్తే కింది అరంతా చెదలు. చెదలకి పెట్టాం గానీ పిల్లలకి పెట్టలేదండీ!

1935లో, ఊరూరా గ్రంథాలయాల కోసం పాటుపడిన పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ మీద పుస్తకాలు పంపారు. గట్టు మీది ఊళ్లవాళ్ల కోసం. తడుస్తాయని ఆయన ఇంట్లో దాచుకోలేదు. బీరువాలోంచి అరుగు మీదకి తేవడానికి మనకేమొచ్చింది? చిరిగితే అంటించుకుందాం. మెతుకులకి కరువా?

ఈ సంచీలో నలభై పుస్తకాలున్నాయి. పిల్లలూ, తలా ఒకటి తీసుకోండి. ఎవరు ఏది తీసుకున్నారో రాసుకోను. ఈ రాత్రి ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించాలి, అంతే. ఎర్ర రిబ్బన్ల పాపా, ముందు నువ్వు రామ్మా. వెనక స్తంభం దగ్గర కూర్చుంది మీ అమ్మమ్మేగా? ఆవిడకి ఏ కథ కావాలో అడిగి రా.