ముందు పై ప్లగ్గు విప్పండి

(శనివారం ఉదయం ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమానికి రాతప్రతి. పాత ఫోర్-వీల్-డ్రైవ్ బళ్లకి ఇంటి దగ్గర చేసుకోగల పనుల గురించి. జవాబులు చెప్పింది ముప్పై ఏళ్లుగా జీపులు బాగుచేస్తున్న మెకానిక్.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం పాత జీపులు, మారుతి జిప్సీలు. మేస్త్రి గారి చేతిలో టీ గ్లాసు ఇంకా సగం ఉంది, ఫోన్లు మాత్రం అప్పుడే మోగుతున్నాయి. హలో, ఎక్కడి నుంచండీ?

శ్రోత (పాడేరు): పాడేరు నుంచండీ. మాది మహీంద్రా జీపు, ఎమ్ఎమ్ 540. సీజన్‌లో వంజంగి కొండకి టూరిస్టుల్ని తిప్పుతాను. వెనక కుడి చక్రం లోపల్నుంచి ఆయిల్ కారుతోంది. ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీల్ ఏడాదిలో రెండుసార్లు మార్పించాను. నెల తిరక్కుండా మళ్లీ మొదలు.

మేస్త్రి: ఆ ఆయిల్ వాసన చూశారా?

శ్రోత: వాసనా?

మేస్త్రి: వేలికి రాసుకుని ముక్కు దగ్గర పెట్టుకోండి. జిగురుగా ఉండి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే గేర్ ఆయిల్. పల్చగా ఉండి, రిమ్ మీద పెయింట్ లేచిపోతుంటే బ్రేక్ ఆయిల్. రెండూ అదే చక్రం లోపలి నుంచే కారతాయి, రిపేర్లు మాత్రం వేరు.

శ్రోత: కుళ్లు వాసనేనండీ. డ్రమ్ము విప్పితే బ్రేకు షూలు కూడా తడిసిపోయి ఉన్నాయి.

మేస్త్రి: అయితే బ్రేకు సగం పోయినట్టే. తడిసిన షూలని పెట్రోల్ పోసి కాల్చి మళ్లీ బిగిస్తుంటారు చాలామంది, ఆ పని చేయకండి. లైనింగులోకి ఇంకిన ఆయిల్ వేడెక్కినప్పుడు మళ్లీ బయటికొస్తుంది. రెండు వైపులా కొత్తవి వేయండి. ఒక వైపే వేస్తే బ్రేకు కొట్టినప్పుడు బండి పక్కకి లాగుతుంది. సరే, సీల్ సంగతి. మీరు వాగులు దాటుతుంటారా?

శ్రోత: వానాకాలంలో రోజూ రెండు దాటాలి.

మేస్త్రి: వెనక హౌసింగ్, అంటే రెండు చక్రాల మధ్య ఉండే ఇనప గొట్టం, దాని మీద, మధ్యలో ఉన్న బుంగకి పక్కన, గొట్టం పై భాగాన చిన్న టోపీ లాంటిది ఉంటుంది. బొటనవేలంత కూడా ఉండదు. దాన్ని బ్రీదర్ అంటారు. ఎప్పుడైనా చూశారా?

శ్రోత: లేదండీ. పోయినేడు కింద మొత్తం నల్ల పెయింట్ కొట్టించాను, అప్పుడు కూడా గమనించలేదు.

మేస్త్రి: (నవ్వు) పెయింట్ కొట్టించారా! చెప్తాను వినండి. ఘాట్ ఎక్కేటప్పుడు హౌసింగ్ చెయ్యి పెడితే కాలేంత వేడెక్కుతుంది. లోపలి గాలి ఉబ్బుతుంది. అది బయటికి పోవాల్సిన దారి ఆ టోపీ. అది మూసుకుపోతే గాలి ఇంకెటు పోతుంది? సీల్‌ని తోసుకుని, ఆయిల్‌ని వెంటబెట్టుకుని పోతుంది. మీరు ఎంత కొత్త సీల్ వేసినా అంతే. ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ వేడి హౌసింగ్‌తో చల్లటి వాగులో దిగుతారు. లోపల గాలి ఒక్కసారిగా ముడుచుకుని, అదే సీల్ సందులోంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది.

వ్యాఖ్యాత: అంటే ఆ మధ్య బుంగలో, డిఫరెన్షియల్‌లో నీళ్లు?

మేస్త్రి: ఉండొచ్చు. బండి ఇంటి దగ్గరే ఉందా?

శ్రోత: నిన్న రాత్రి నుంచి కదల్లేదు. నేల కూడా చదునే.

మేస్త్రి: బంగారం. చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. జాకీ వద్దు, జీపు కిందికి అలాగే దూరొచ్చు. బ్రీదర్ చూడండి. తర్వాత ప్లగ్గులు. ముందు పై ప్లగ్గు, అంటే ఆయిల్ పోసేది, విప్పండి. అది ఊడి చేతిలోకొచ్చాకే కింది దాని జోలికి వెళ్లండి. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు కింద ప్లగ్గు ముందు విప్పి ఆయిలంతా కారబోశాను. పై ప్లగ్గు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తల అరిగిపోయిందిగానీ అది కదల్లేదు. ఆయిల్ లేని బండి మూడు రోజులు మా షెడ్డు ముందు కూర్చుంది. మా గురువు గారు తిట్టిన తిట్లు రేడియోలో చెప్పకూడదు.

శ్రోత: కింద ప్లగ్గు మొత్తం విప్పాలా?

మేస్త్రి: వద్దు. మెల్లగా వదులు చేయండి, చుక్కలు పడేంత వరకే. రాత్రంతా నిలబడి ఉంది కాబట్టి, విడిగా నీళ్లుంటే అడుక్కి దిగి ముందు అవే వస్తాయి. గాజు గ్లాసులో పట్టి రంగు చూడండి. చూసి మళ్లీ ఫోన్ చేయండి, ఆగుతాం.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్. హలో?

శ్రోత (హైదరాబాద్): అన్నా నమస్తే, ఉప్పల్ నుంచి. సెకండ్ హ్యాండ్ జిప్సీ కొన్నాను. అరవై దాటి గుంతలో పడితే స్టీరింగ్ గడగడా ఊగిపోతుంది. బండి ఆపితే తప్ప ఆగదు. స్టీరింగ్ ఊగకుండా పట్టే డ్యాంపర్ వేయించమంటున్నారు.

మేస్త్రి: డ్యాంపర్ వేస్తే ఊగడం కొన్నాళ్లు దాక్కుంటుంది తమ్ముడూ, పోదు. ముందు రోగం ఎక్కడుందో చూద్దాం. టైర్లు కంపెనీ సైజువేనా?

శ్రోత: పెద్దవి వేశాడు ముందు ఓనర్.

మేస్త్రి: సగం కథ అక్కడే ఉంది. ముందు బ్యాలెన్సింగ్ చేయించు, రిమ్ము వంకర ఉందేమో చూపించు. అది అయ్యాక ముందు చక్రం ఒకటి లేపి, కింద స్టాండ్ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. గడియారంలో 12, 6 అంకెలు ఉండే చోట. కదులుతుంటే ఇంకొకర్ని బ్రేకు తొక్కమను. బ్రేకు తొక్కగానే కదలడం ఆగితే అది వీల్ బేరింగ్. తొక్కినా కదులుతుంటే కింగ్ పిన్ బేరింగులు.

శ్రోత: పక్కలకి ఊపితే?

మేస్త్రి: అడ్డంగా పట్టుకుని ఊపినప్పుడు వదులుగా కదిలితే టై రాడ్ ఎండ్ల వైపు, అంటే స్టీరింగ్ కడ్డీల కీళ్ల వైపు చూడు. పాత జిప్సీల్లో నేను ఎక్కువగా చూసింది కింగ్ పిన్లే. ముందు యాక్సిల్ రెండు చివర్లా చక్రం పక్కలకి తిరిగే గుండ్రటి నకిల్ ఉంటుంది కదా, దాని పైనా కిందా చిన్న బేరింగులు. గ్రీజు ఎండిపోయి, నీళ్లు దూరి తుప్పు పడతాయి. కొద్దిగా అరిగితే పైన షిమ్ము అనే పల్చటి రేకు తీసి బిగువు తేవచ్చు. గుంటలు పడితే సెట్ మొత్తం మార్చాలి. చక్రం కదులుతోందా లేదా అని ఇంటి దగ్గర చూసుకో. బేరింగులు వేయడం తెలిసినవాళ్ల చేత చేయించుకో. బిగువు ఎక్కువైతే స్టీరింగ్ తిరగదు, తక్కువైతే మళ్లీ ఊగుతుంది.

వ్యాఖ్యాత: సెకండ్ హ్యాండ్ బండి అన్నారు. కాగితాలు చూసుకున్నారా?

శ్రోత: 15 ఏళ్లు దాటింది, ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేశారు. ఇంకా రెండేళ్లుంది.

మేస్త్రి: మంచిది. అది ఐదేళ్లకోసారి. ఇంకోటి, తుప్పు గీకేటప్పుడు చాసిస్ నంబర్ ఉన్న చోట గ్రైండర్ పెట్టకు. అంకెలు అరిగిపోతే ఫిట్‌నెస్ రోజు అదో పెద్ద టెన్షన్.

వ్యాఖ్యాత: ఇంకో ఫోన్. చెప్పండమ్మా.

శ్రోత (మదనపల్లె): మా నాయన జీపు సార్, డీజిల్. ఊళ్లో బాగానే ఉంటుంది. హార్స్లీ హిల్స్ ఎక్కితే సగం దారిలో వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దగ్గరికొస్తుంది. మెకానిక్ రేడియేటర్‌కి నీళ్లు వదిలే థర్మోస్టాట్ పీకి పడేశాడు. అయినా అంతే.

మేస్త్రి: అది పీకడం మన దగ్గర ఒక అలవాటమ్మా. థర్మోస్టాట్ చెడిపోతే కొత్తది వేయాలి, తీసేయకూడదు. తీసేస్తే ఇంజిన్ పొద్దున్నే వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదలా పెరుగుతుంది. మీరు చేయాల్సింది వేరే. ఇంజిన్ ఆపి, చల్లారాక ఫ్యాన్ బెల్ట్ మధ్యలో వేలితో నొక్కండి. అరంగుళం వంగితే సరే, అంతకంటే వదులైతే బిగించాలి. తర్వాత రేడియేటర్ రెక్కల్లోకి టార్చ్ కొట్టండి. గడ్డి గింజలు, పురుగులు, మట్టి నిండి ఉంటాయి. గొట్టంతో ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగండి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది.

శ్రోత: లోపల బోరు నీళ్లే పోస్తున్నాం.

మేస్త్రి: మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది చూడండి, రేడియేటర్ ట్యూబుల్లోనూ అదే. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. వేడి మీద మాత్రం మూత తీయకండి. ఈ ఒక్క మాట మీ నాయనకి రెండుసార్లు చెప్పండి.

శ్రోత: ఆయన వినరు సార్. (నవ్వు)

వ్యాఖ్యాత: విశాఖ నుంచి మెసేజ్. "భీమిలి బీచ్ రోడ్డులో తిరిగే బండి. తుప్పు పట్టకుండా చాసిస్‌కి పాత ఇంజిన్ ఆయిల్ పూయొచ్చా?"

మేస్త్రి: వద్దు. రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి, వాకిలంతా నూనె, బ్రేకుల మీద పడితే ప్రమాదం. ఇసుకలో దిగొచ్చిన రోజే మంచి నీళ్లతో కింద బాగా కడగండి. డోర్ల అడుగున, ఫ్లోర్‌లో నీళ్లు పోవడానికి ఉండే చిల్లులు పుల్లతో తెరిచి ఉంచండి. తుప్పుని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకి, ప్రైమర్, ఆ తర్వాత పెయింట్. తుప్పు మీదే పెయింట్ వేస్తే అది లోపల హాయిగా తింటూ కూర్చుంటుంది.

వ్యాఖ్యాత: హలో, ఎక్కడున్నారు? శబ్దం ఎక్కువగా ఉంది.

శ్రోత (మారేడుమిల్లి): అన్నా, మారేడుమిల్లి దగ్గర రోడ్డు పక్కన ఆపాను. పాత జీపు. బురదలో ఫోర్ వీల్ వేశాను, ఇప్పుడు తారు రోడ్డు మీదికొచ్చి పది కిలోమీటర్లైంది. లివర్ టూ వీల్‌కి రావట్లేదు. స్టీరింగ్ కూడా బరువుగా ఉంది.

మేస్త్రి: బలంగా గుంజారా?

శ్రోత: రెండు చేతులతో.

మేస్త్రి: ఇంక గుంజకండి. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు సమానంగా తిరగవు. బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు. తేడా అంతా షాఫ్టుల్లో మెలిపడిపోయి, ముందు వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్లని పళ్లు బిగించినట్టు పట్టేసింది. వెనక ఎవరూ లేరు కదా? చక్రాలు తిన్నగా పెట్టి, మెల్లగా పది మీటర్లు రివర్స్ వెళ్లండి. వెళ్తూ ఉండగానే క్లచ్ తొక్కి లివర్ లాగండి, వేళ్లతో.

(ఇంజిన్ శబ్దం. కాసేపటికి "టక్" మని చప్పుడు.)

శ్రోత: వచ్చేసిందన్నా!

మేస్త్రి: ఆ చప్పుడు మాకూ వినపడింది. ఇంటికెళ్లాక నాలుగు టైర్లూ ఒకే సైజా, ఒకేలా అరిగాయా చూడండి. రెండు కొత్తవి, రెండు పాతవి ఉంటే తిన్నటి రోడ్డు మీద కూడా ఇదే జరుగుతుంది. అలాగని ఫోర్ వీల్ అసలు వాడకుండా వదిలేయకండి. నెలకోసారి మట్టి దారిలో రెండు మూడు కిలోమీటర్లు వేసి నడపండి, లేకపోతే లివర్ తుప్పు పట్టి కదలదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకి, అంటే కింద తిరిగే పొడుగాటి షాఫ్టు కీళ్లకి, గ్రీజు ఎప్పుడు కొట్టించారు?

శ్రోత: కొన్నాక కొట్టించలేదు.

మేస్త్రి: మెల్లగా వెళ్తుంటే కింద పిచుకలు కిచకిచలాడినట్టు వస్తోందా?

శ్రోత: వస్తోందన్నా, నేను పిట్టలే అనుకున్నా!

మేస్త్రి: ఇంటికెళ్లగానే గ్రీజు గన్ పట్టుకోండి. షాఫ్ట్ విప్పాల్సి వస్తే రెండు వైపులా సుద్దతో గీత పెట్టుకుని విప్పండి, మళ్లీ గీతకి గీత కలిపి బిగించండి. తప్పు కలిపితే బండంతా వణుకుతుంది.

వ్యాఖ్యాత: పాడేరు మళ్లీ లైన్లో ఉంది. చూశారా?

శ్రోత (పాడేరు): చూశానండీ. టోపీ మీద పెయింట్ పేరుకుపోయింది. చుట్టూ తిప్పినా తిరగట్లేదు. అసలది కదిలే వస్తువని కూడా తెలీదు నాకు.

మేస్త్రి: పిన్నీసుతో గుచ్చకండి, పెయింట్ ముక్కలు లోపల పడతాయి. చుట్టూ తుడిచి, స్పానర్‌తో మొత్తం విప్పి డీజిల్‌లో నానబెట్టండి. నోటితో ఊదితే గాలి పోవాలి. పోకపోతే కొత్తది వేయండి, పెద్ద ఖర్చు కాదు. గ్లాసులో ఏం పడింది?

శ్రోత: ముందు నాలుగు చుక్కలు నీళ్లే. తర్వాత పాలు ఎక్కువైన టీ లాగా వస్తోంది.

మేస్త్రి: మొత్తం కారబోసి, కొంచెం కొత్త ఆయిల్ పోసి నడిపి, అదీ కారబోసి, అప్పుడు నింపండి. డిఫరెన్షియల్‌కి జీఎల్-5, 90 నంబర్ ఆయిల్. అదే డబ్బా తీసుకెళ్లి గేర్‌బాక్స్‌లో పోసేయకండి, దానికి చెప్పిన గ్రేడ్ వేరు. యాక్సిల్ షాఫ్ట్ బయటికి తీసినప్పుడు సీల్ కూర్చునే చోట గోటితో గీసి చూడమనండి. గాడి తగిలితే కొత్త సీల్ కూడా ఆగదు, షాఫ్ట్ సంగతి చూడాలి.

శ్రోత: రేపు ఆదివారం అండీ, నాలుగు బేరాలు ఒప్పుకున్నాను.

మేస్త్రి: షూలు తడిసి ఉన్నాయి అన్నారు కదా. పక్కింటి వాళ్ల జీపు అడగండి.

శ్రోత: అడుగుతానండీ. పై ప్లగ్గు మాత్రం బాగానే వచ్చింది.