పోపుల డబ్బాలో మూడు పొట్లాలు

(మహిళా దినోత్సవం నాడు ఒక మండల సమాఖ్య సభలో రిటైర్డ్ స్టాఫ్ నర్సు ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, సమాఖ్య అక్కచెల్లెళ్ళకు నమస్కారం. ఎవరి పేరూ మర్చిపోకూడదని వరసగా కాగితం మీద రాసుకొచ్చాను. ఆ కాగితమే బస్సులో మర్చిపోయాను. ఏమనుకోకండి.

నన్ను పోషకాహారం మీద మాట్లాడమన్నారు. రాగిజావ సంగతి మీ అంగన్‌వాడీ టీచరమ్మ నాకంటే బాగా చెప్తుంది. నేను తెల్లబట్ట గురించి మాట్లాడతాను.

చూశారా, ముందు వరసంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకున్న తమ్ముళ్ళు గేటు వైపు జరుగుతున్నారు. ఆగండి నాయనా, అసలు మాట మీతోనే ఉంది.

తెల్లబట్ట అంతా రోగం కాదు. నెల మధ్యలో పల్చగా, వాసన లేకుండా అయ్యేది మామూలే. దురద పెట్టి పెరుగు విరిగినట్టు అయితే అది ఎక్కువగా ఫంగస్, మొగుడి పాపం కాదు. చేపల వాసన వస్తే ఎక్కువగా లోపలి మంచి సూక్ష్మజీవులు తగ్గాయని అర్థం. కానీ గనేరియా, క్లమీడియా లాంటి సుఖవ్యాధులు కలయికతోనే వస్తాయి. చాలామంది ఆడవాళ్ళకు పైకి ఏమీ తెలియదు కూడా. లోపల గొట్టాలు పాడై, పిల్లలు పుట్టలేదని ఆస్పత్రికి వస్తే అప్పుడు బయటపడుతుంది. ఆ నింద కూడా ఆమె మీదే.

ప్రభుత్వ ఆస్పత్రిలో ఇలాంటి జబ్బులు చూసే సురక్ష క్లినిక్‌లో ఒక్కో రకానికి ఒక్కో రంగు మందుల పొట్లం ఇచ్చేవాళ్ళం. గర్భసంచి మూతి దగ్గర ఇన్ఫెక్షన్ ఉంటే బూడిద రంగుది. రెండు రకాల మాత్రలు, ఒక్కసారే మింగాలి. భార్యకొకటి, భర్తకొకటి. భర్త వచ్చి చూపించుకోవాలి, రానంటే పొట్లమైనా పంపేవాళ్ళం.

మిషన్ కుట్టుకునే ఒక చెల్లె నాలుగు నెలల్లో మూడుసార్లు వచ్చింది. అదే బాధ. మాత్రలు నా కళ్ళ ముందే మింగేది, తగ్గేది, మళ్ళీ వచ్చేది. మూడోసారి గట్టిగా అడిగాను, “మీ ఆయన వేసుకున్నాడా?” అని. తల దించుకుంది. ఆయన పొట్లాలు పోపుల డబ్బాలో, ఆవాల కింద దాచిందట.

“ఇస్తే నీకెక్కడ అంటుకుంది అని నన్నే అడుగుతాడమ్మా. మజ్జిగలో కలిపి ఇవ్వచ్చా?”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కలపొద్దన్నాను. ఆయన ఒంటికి ఏ మందు పడదో ఎవరికి తెలుసు? మధ్యాహ్నం రెండింటికి జనం ఉండరు, ల్యాబ్ పక్కనున్న వెనక వాకిలి నుంచి పంపించమన్నాను. నాలుగో రోజు వచ్చాడు. “నా పెళ్ళానికి ఏం చెప్పావు?” అని కొట్లాటకు వచ్చాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. అరగంటకు మెల్లగా చెప్పుకున్నాడు, మూత్రంలో మంట తనకూ ఉందట, ఏడాదిగా.

ఏడాదిగా! ఆ ఏడాదంతా ఆమె వేడి చేసిందని సబ్జా నీళ్ళు తాగుతోంది.

సిటీ వాళ్ళు నయమనుకోకండి. నా మేనకోడలు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. బాత్రూంలో నీళ్ళు వదిలిపెట్టి, ఆ చప్పుడులో నాకు ఫోన్ చేసింది. వాసన పోవాలని సెంటు ద్రావణంతో లోపలంతా కడిగిందట. అలా కడిగితే ఉన్న మంచి సూక్ష్మజీవులూ పోతాయి. పల్లెలో ఆర్‌ఎంపీ సూది, పట్నంలో మెడికల్ షాపు మాత్ర. సిగ్గు మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇది కొత్త సంగతీ కాదు. మన కాళేశ్వరం దగ్గర నది దాటితే గడ్చిరోలి జిల్లా. అక్కడ డాక్టర్ రాణీ బంగ్ రెండు ఊళ్ళలో 650 మంది ఆడవాళ్ళను పరీక్ష చేశారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవాళ్ళు 8 శాతం. 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది.

ఇప్పుడు మా అక్క గురించి చెప్పాలి. అనుకోలేదు కానీ, చెప్తాను.

తెల్లబట్టని ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోతే “గర్భసంచికి పుండు, తీసేయకపోతే క్యాన్సర్” అన్నారు. అక్కకు అప్పుడు 32 ఏళ్ళు. బావ పొలం కుదువపెట్టి ఆపరేషన్ చేయించాడు. నేను నర్సునే, నన్నెవరూ అడగలేదు. అండాశయాలూ తీసేశారు. ఆవిర్లు, కీళ్ళ నొప్పులు, రాత్రిళ్ళు నిద్ర లేదు. తెల్లబట్ట? అది మళ్ళీ వచ్చింది. పుండంటే క్యాన్సర్ కాదమ్మా. అనుమానముంటే పరీక్ష ఉంది, గర్భసంచి మూతికి వెనిగర్ లాంటి ద్రావణం రాసి చూస్తారు, 30 దాటినవాళ్ళకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. తెలంగాణలో, ఆంధ్రాలో ఎనిమిది, తొమ్మిది మంది. ఈ షామియానా కింద ఎంతమందో చేతులెత్తమని అడగను. ఎత్తరు, నాకు తెలుసు.

టైమైపోయిందని చీటీ పంపారు. సరే. భోజనాలయ్యాక స్కూలు వెనక గదిలో ఉంటాను, తలుపు వేసుకుని. ఒక్కొక్కరే రండి. తమ్ముళ్ళూ, మీరు నాలుగింటి తర్వాత రండి. ఆ గదికి తోట వైపు ఇంకో వాకిలి ఉంది, పొద్దున్నే చూసిపెట్టుకున్నాను.