మైక్రోఫైబర్ క్లాత్ గట్టిపడిందా? కొత్తది కొనకండి, ముందు నీళ్లు మార్చండి

నమస్తే అండి. నా చేతిలో రెండు క్లాతులున్నాయి, చూడండి. రెండూ ఒకే ప్యాకెట్‌లోవి, హన్మకొండ చౌరస్తా దగ్గర కార్ సామాన్ల షాపులో కొన్నవి. 40 సెంటీమీటర్ల చదరం, 350 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు బట్ట బరువు 350 గ్రాములు. ఎడమ చేతిలోది మెత్తగా ఉంది. కుడి చేతిలోది అప్పడంలా తయారైంది, మూల పట్టుకుంటే వంగడం లేదు. రెండింటినీ ఒకే కారుకి వాడాను. ఉతికిన తీరు ఒక్కటే వేరు. గట్టిపడింది బోరు నీళ్లల్లో, డిటర్జెంట్ బిళ్లతో. మెత్తగా ఉన్నది నల్లా నీళ్లల్లో, లిక్విడ్‌తో.

ఈ స్టీలు పళ్లెంలో కొన్ని నీళ్ల చుక్కలు వేస్తున్నా. మెత్తటి క్లాత్‌ని నొక్కకుండా మీద నుంచి లాగుతున్నా... చూశారా, ఒక్క లాగుకే పళ్లెం పొడిగా అయింది. ఇప్పుడు గట్టిది. నీళ్లను పీల్చడం లేదు, ముందుకు నెడుతోంది. మీ ఇంట్లో క్లాత్‌లన్నిటికీ ఈ పరీక్ష చేయండి, పైసా ఖర్చు లేదు. అరచేతిలో కూడా తెలుస్తుంది. మంచి క్లాత్ చర్మాన్ని సన్నగా పట్టుకుంటుంది, పాడైంది జారిపోతుంది.

ఎందుకు పట్టుకుంటుందంటే, ఇది నూలు బట్ట కాదు. పాలిస్టర్, నైలాన్ కలిపి చేసిన పోగు. ప్యాకెట్ మీద 80/20 అనో 70/30 అనో రాసి ఉంటుంది, అది ఆ రెండింటి పాళ్లు. ఆ పోగును తయారీలోనే నిలువునా చీలుస్తారు. ఆ చీలికల మధ్య సందుల్లోకే దుమ్ము, నీళ్లు పోతాయి. ఆ సందులు మూసుకుపోతే దుమ్ము లోపలికి పోకుండా పైనే ఉండి, మీరు తుడిచినంత సేపూ పెయింట్ మీద తిరుగుతూనే ఉంటుంది.

మన వైపు దుమ్ము కూడా మామూలు దుమ్ము కాదు. కరీంనగర్ రోడ్డెక్కితే గ్రానైట్ లారీలు, గోదావరిఖని పోతే బొగ్గు పొడి, మేడారం జాతరకు పోయొస్తే బండి రంగే మారిపోతుంది. గ్రానైట్ పొడిలో, మొరంలో ఉండే క్వార్ట్జ్ రేణువు కారు పైపూత కన్నా చాలా గట్టిది. ఆ పైపూత, అదే క్లియర్ కోట్, మామూలుగా 40, 50 మైక్రాన్ల మందం, వెంట్రుక కన్నా పలచన. అందుకే నల్ల కారు, ముదురు నీలం కారు ఉన్నవాళ్లు ఎండలో చూస్తే సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తాయి. గీసింది రోడ్డు కాదు, మనం తుడిచిన గుడ్డ.

ఇక అసలు సంగతి నీళ్లు. వరంగల్, హన్మకొండ, కాజీపేట, ఎక్కడైనా బోరు ఉన్న ఇంట్లో నల్లాల చుట్టూ తెల్లగా పొర కడుతుంది, ఆ నీళ్లల్లో పప్పు సరిగ్గా ఉడకదు. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఒంటి సబ్బు వేస్తే ఆ కాల్షియంతో కలిసి నీళ్లల్లో కరగని తెట్టు అవుతుంది. చవక బట్టల పౌడర్లలో సోడా ఉంటుంది, అదీ కాల్షియంతో కలిసి సన్నటి సున్నపు పొడిగా మారుతుంది. రెండూ పోయి కూర్చునేది క్లాత్ సందుల్లోనే. తర్వాత ఎన్నిసార్లు జాడించినా అవే బోరు నీళ్లు కాబట్టి ఏం లాభం లేదు.

ఇంట్లో దొరికేవి ఏవి పనికొస్తాయో చూద్దాం. డిటర్జెంట్ బిళ్ల వద్దు, రుద్దినప్పుడు దాని పొడి లోపల ఇరుక్కుంటుంది. పౌడర్ తప్పదంటే మగ్గులో గోరువెచ్చని నీళ్లు పోసి పూర్తిగా కరిగించాకే వాడండి. షాంపూ ప్యాకెట్ చవకే కానీ, చాలా షాంపూల్లో జుట్టు మెత్తబడటానికి సిలికాన్ కలుపుతారు, అది క్లాత్‌కి పూతలా పడుతుంది. కంఫర్ట్ లాంటి కండిషనర్ అయితే అసలే వద్దు, దాని పనే పోగు మీద పొర వేయడం. కుంకుడుకాయ రసాన్ని నూలు బట్టలో వడగట్టి వాడితే ఉత్త దుమ్ము పోతుంది, వ్యాక్స్, ఆయిల్ జిడ్డు పోదు. గిన్నెలు తోమే లిక్విడ్ జిడ్డును బాగా విడగొడుతుంది, కానీ నురగ పోయే దాకా జాడించడానికి నీళ్లు చాలా కావాలి, అందుకే అది జిడ్డు క్లాత్‌లకు మాత్రమే. రోజువారీకి నేను చెప్పేది ఈజీ లాంటి, ఉన్ని బట్టలకు వాడే సాదా లిక్విడ్. అర బకెట్ నీళ్లకు ఒక చిన్న చెంచా చాలు. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం అనుకోకండి, మిగిలిపోయిన లిక్విడ్డే మళ్లీ పొర అవుతుంది.

ఉతికే ముందు క్లాత్‌ని గట్టిగా దులపండి. పావుగంటో అరగంటో నానబెట్టి, నీళ్లల్లోనే పిసకండి. బండ మీద బాదొద్దు, బ్రష్‌తో రుద్దొద్దు. మెలిపెట్టి పిండకుండా రెండు చేతుల మధ్య నొక్కండి. మెషీన్‌లో వేస్తే టవళ్లు, బనియన్లతో కలపొద్దు, నూలు పీచంతా దీనికే అంటుకుంటుంది. నీళ్ల వేడి 40 డిగ్రీలు దాటనివ్వకండి.

చివరి జాడింపు మాత్రం మంచి నీళ్లల్లోనే. మిషన్ భగీరథ నల్లా వస్తే ఆ నీళ్లు ఒక బకెట్ పక్కన పెట్టుకోండి. అదీ లేకపోతే, ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి. ఏసీ నుంచి కారేది గాలిలోని తేమే కాబట్టి అందులో ఉప్పు దాదాపు ఉండదు. ఎండాకాలంలో ఇంత మంచి నీళ్లు మోరీలో పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాన నీళ్లూ బాగుంటాయి. కూలర్‌లో మిగిలిన నీళ్లు మాత్రం వద్దు, నీళ్లు ఆవిరైన కొద్దీ అందులో ఉప్పు చిక్కబడుతుంది. ఆర్ఓ మెషీన్ బయటికి వదిలే నీళ్లు కూడా అంతే, వచ్చిన నీళ్ల కన్నా అవే ఎక్కువ ఉప్పగా ఉంటాయి.

మరి గట్టిపడిపోయిన క్లాత్‌ని ఏం చేయాలి? కిరాణం షాపులో నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, అడగండి. కొద్ది రూపాయలకే చిన్న పొట్లం ఇస్తారు. ముందు క్లాత్‌ని లిక్విడ్‌తో ఉతికి జాడించాలి. తర్వాత అర బకెట్ నీళ్లల్లో ఒక చిన్న చెంచా నిమ్మ ఉప్పు కరిగించి, క్లాత్‌ని అరగంట ముంచాలి. పేరుకున్న సున్నం కరుగుతుంది. ఇదిగో, ఆ కుడి చేతిలో ఉన్న క్లాత్‌నే ముంచి, ఏసీ నీళ్లల్లో జాడించి, ఆరబెట్టి తెచ్చాను. కెమెరా దగ్గరికి తెస్తున్నా, పోగులు మళ్లీ విడిగా లేచాయి చూడండి. పళ్లెంలో చుక్కలు వేసి లాగుతున్నా... పూర్తిగా కొత్తదానిలా లేదు, అంచు దగ్గర కొంచెం తడి వదిలింది. కానీ నీళ్లను నెట్టడం పోయింది. తెల్ల వెనిగర్‌తో కూడా ఇదే పని అవుతుంది, మన దగ్గర నిమ్మ ఉప్పే చవక. ఒక్క జాగ్రత్త, ఏ ఆమ్లాన్నైనా బ్లీచింగ్‌తో కలపకండి, విషవాయువు వస్తుంది. బ్లీచింగ్ ఈ క్లాత్‌కి ఎలాగూ పనికిరాదు.

నిమ్మ ఉప్పుతో బాగుపడనివి కూడా ఉన్నాయి. ఇస్త్రీ పెట్టినవి. వేడికి పోగుల కొసలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటే ఇక విడవవు. ఎండ కూడా నైలాన్‌ని మెల్లగా తినేస్తుంది. మే నెలలో డాబా మీద దండేనికి వేసి సాయంత్రం దాకా మరిచిపోతే రెండు రకాలుగా నష్టం, ఒకటి ఎండ, రెండు పక్క వీధి దుమ్ము. లోపల ఫ్యాన్ గాలికి, క్లిప్పులు పెట్టి ఆరేయండి. ఈ పలచటి క్లాత్ ఆరడానికి ఎంతో సేపు పట్టదు.

ఆరాక వెంటనే జిప్ కవర్‌లో పెట్టండి, డిక్కీలో ఊరికే పడేయకండి. కొత్తగా కొన్నవైతే అంచుకి కుట్టిన లేబుల్ కత్తిరించి, వాడకముందే ఒకసారి ఉతకండి. పెయింట్‌కి వాడేవి ఒక రంగు, లోపల డ్యాష్‌బోర్డుకి ఇంకో రంగు, చక్రాలకు మరో రంగు పెట్టుకుంటే కలగాపులగం కాదు, ఉతికేటప్పుడు కూడా వేరు చేయడం తేలిక. పెయింట్‌కి వాడేది తుడుస్తుండగా కింద పడిందా, ఆ పూటకు దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీయండి. ఉతికి, ఆరాక ఒక పాత సీడీ వెనక వైపు రుద్ది, ఫోన్ టార్చ్ వేసి చూడండి. కొత్త గీత పడితే అది ఇక చక్రాలకే, చక్రాలకూ పనికిరానిది బైక్ చైన్‌కి.