గినీ పిగ్ తినడం లేదా? నోరు కాదు, పెంటికలు చూడండి

నమస్తే అండీ. కొత్తగా ఇంటికి తెచ్చుకున్న గినీ పిగ్ ఏమీ ముట్టకుండా ఒక మూల ముడుచుకుని కూర్చుంటే, ఎవరిని అడిగినా ఒకటే సలహా వస్తుంది. "ఆకలేస్తే అదే తింటుందిలే, వదిలెయ్." కుక్క ఒక పూట మానేసినప్పుడు ఆ మాట చెల్లుతుంది. గినీ పిగ్ దగ్గర చెల్లదు. ఎందుకు చెల్లదో ముందు చెప్పేస్తాను. అది తెలిస్తే మిగతాది అర్థం కావడం తేలిక.

ఇది పూర్తిగా గడ్డి మీద బతికే జీవి. తిన్న పీచు అరిగేది ఎక్కువగా పొట్టలో కాదు, పేగుల్లో వెనకవైపు ఉండే సీకమ్ అనే పెద్ద సంచిలో. అక్కడి బ్యాక్టీరియా ఆ పీచుని పులియబెట్టి పోషకాలుగా మారుస్తుంది. పైనుంచి పీచు వస్తూ ఉంటేనే ఈ పేగులు సరిగ్గా కదులుతాయి. అందుకే ఇవి రాత్రీ పగలూ కొంచెం కొంచెంగా నములుతూనే ఉంటాయి. మేత ఆగితే పేగులు మందగిస్తాయి, గ్యాస్ చేరుతుంది, గ్యాస్‌తో నొప్పి వస్తుంది. నొప్పితో ఉన్నది ఇంకెక్కడ తింటుంది? పోనీ కక్కుకుని తేలికపడదామన్నా గినీ పిగ్‌కి వాంతి రాదు. మరోపక్క తిండి లేని శరీరం తన కొవ్వునే కరిగించుకోవడం మొదలుపెడుతుంది. ఆ కొవ్వు వెళ్లి లివర్‌లో పేరుకుంటుంది. బొద్దుగా ఉన్నవాటికి ఈ ముప్పు మరీ ఎక్కువ. అంటే గంటలు గడిచేకొద్దీ ఇది తినే అవకాశం పెరగదు, తగ్గుతుంది.

12 గంటలుగా నిజంగానే ఏమీ తినలేదంటే వెట్‌కి, అంటే జంతువుల డాక్టర్‌కి, ఫోన్ చేయాలి. 24 గంటలైతే అది ఎమర్జెన్సీ. రేపు పొద్దున చూద్దాంలే అనుకునే సంగతి కాదు.

"నిజంగానే" అన్నాను చూశారా, అసలు చిక్కు అక్కడే ఉంది. మీరు చూస్తుండగా తినకపోవడం వేరు, అసలు తినకపోవడం వేరు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ ప్రాంతంలో వీటి పూర్వీకులు పైన ఎగిరే పక్షికీ, కింద తిరిగే నక్కకీ ఆహారమే. కాబట్టి కొత్త చోట కదలకుండా బిగుసుకుపోవడం, చప్పుడు సద్దుమణిగాకే బయటికి రావడం వీటి పుట్టుకలోనే ఉంది. పగలంతా మూల నుంచి కదలకుండా, ఇంట్లో లైట్లు ఆరిపోయాక హాయిగా గడ్డి లాగించే గినీ పిగ్‌లు బోలెడు.

మరి తెలిసేదెలా? నోటి వైపు చూడటం మానేసి వెనకవైపు చూడండి. రాత్రి పడుకునే ముందు కేజ్ ఊడ్చి, ఒక లేత రంగు పాత టవల్ పరవండి. పొద్దున్నే పెంటికలు లెక్కకు వస్తాయి. బాగా తింటున్న గినీ పిగ్ రోజుకి వంద దాకా వేస్తుంది. కోలగా, గోధుమరంగులో, అన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉంటే మీ టెన్షన్ సగం తగ్గినట్టే. చిన్నవైపోయి, ఎండిపోయి, ఒక కొస మొనదేలి ఉంటే లోపలికి మేత తక్కువ వెళ్తోందని అర్థం. అసలే లేకపోతే ఇంకేం ఆలోచించకండి, వెట్ దగ్గరికి బయలుదేరండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. తినడం ఆపిన వెంటనే పెంటికలు ఆగిపోవు, ముందు తిన్నది కొంతసేపు వస్తూనే ఉంటుంది. అందుకని పెంటికలు కనిపించాయి కదా అని మొదటి రోజే నిశ్చింతగా ఉండొద్దు.

అందుకే తూకం కూడా కావాలి. గ్రాముల్లో చూపించే మామూలు కిచెన్ స్కేల్ చాలు. దాని మీద ఒక డబ్బా పెట్టి, అందులో కూర్చోబెట్టి, ఇంటికొచ్చిన రోజే తూచి రాసుకోండి. తర్వాత రోజూ అదే వేళకి. పెద్ద గినీ పిగ్ మామూలుగా 700 నుంచి 1200 గ్రాముల మధ్య ఉంటుంది. రోజుకి ఇరవై ముప్పై గ్రాములు అటూ ఇటూ అవడం మామూలే. వరసగా దిగిపోతూ ఉంటే మామూలు కాదు. ఉన్న బరువులో పదో వంతు పోయిందంటే పరిస్థితి బాగా ముదిరినట్టే. చిన్నపిల్లల లెక్క వేరు, అవి పెరుగుతూ ఉండాలి, కాబట్టి బరువు ఉన్నచోటే ఆగిపోయినా అనుమానించాల్సిందే. నన్నడిగితే గినీ పిగ్ పెంచాలనుకునేవాళ్లు కేజ్ కంటే ముందు కొనాల్సింది ఈ స్కేలే.

సరే, పెంటికలు ఉన్నాయి, బరువు కొంచెమే తగ్గింది. అంటే తింటోంది కానీ బెరుకుగా తింటోంది. ఇక్కడే చాలామంది ప్రేమతో పని చెడగొడతారు. పాపం తినడం లేదని ఎత్తుకుంటారు, ఒళ్లో పెట్టుకుని నిమురుతారు, మూతి దగ్గర క్యారెట్ ముక్క ఆడిస్తారు. పైనుంచి దిగే చెయ్యి దానికి ప్రేమలా కనిపించదండీ, తనను ఎత్తుకుపోవడానికి వచ్చిందనుకుంటుంది. మొదటి కొన్ని రోజులు తూకానికి తప్ప ముట్టుకోకండి. దాక్కోవడానికి రెండు ద్వారాలున్న పెట్టె ఇవ్వండి, అట్టపెట్టెకి రెండు వైపులా కన్నాలు కోసినా సరిపోతుంది. బయటికి రావడం లేదని ఆ పెట్టె తీసేసేవాళ్లు ఉంటారు. తీసేస్తే అది ధైర్యం తెచ్చుకోదు, మేత ఊసే మర్చిపోతుంది. దాన్ని మేత దగ్గరికి రప్పించే బదులు మేతనే దాని దగ్గరికి పంపండి. పెట్టె లోపలే గుప్పెళ్లకొద్దీ ఎండుగడ్డి వేయండి. కేజ్ మీద సగం వరకు గాలి ఆడేలా పల్చటి గుడ్డ కప్పండి. టీవీ, కుక్క, పిల్లి కాస్త దూరంగా. గది వేడి కూడా చూసుకోండి. 18 నుంచి 24 డిగ్రీల మధ్య వీటికి హాయి. 30 దగ్గరికి వెళ్తే తిండి మానడం అటుంచి, వడదెబ్బే తగలొచ్చు.

ఇక మేత సంగతి. గినీ పిగ్ "ఇది తిండి" అని గుర్తుపట్టడం పుట్టిన కొన్ని రోజులకే నేర్చుకుంటుంది, తల్లి పక్కన నిలబడి. చిన్నప్పుడు నోట పడనిది పెద్దయ్యాక దానికి తిండిలా తోచదు. పెల్లెట్ల (గడ్డి పొడిని గుళికలుగా చేసి అమ్మే మేత) బ్రాండ్ మారినా, ఆకారం మారినా వాసన చూసి పక్కకెళ్లిపోతుంది. పాత ఇంట్లో గిన్నెలో తాగినదానికి ఇక్కడ బాటిల్ పెడితే అది నీళ్లిచ్చే వస్తువని తెలియకపోవచ్చు. నీళ్లు తాగనిది ఎండుమేత కూడా సరిగ్గా తినదు. అందుకే రెండూ పెట్టండి, గిన్నె ఒకటి, బాటిల్ ఒకటి. బాటిల్ గొట్టం చివర ఉండే గోళీ దగ్గర నీళ్లు వస్తున్నాయో లేదో మీ వేలితో తట్టి చూడండి.

దాన్ని ఇచ్చినవాళ్లకి ఫోన్ చేయడానికి మొహమాటపడొద్దు. ఏ పెల్లెట్లు, ఏ గడ్డి, ఏ ఆకులు, నీళ్లు దేంట్లో, తోడు ఉండేదా, ఆఖరుసారి బాగా తినగా ఎప్పుడు చూశారు, అన్నీ అడగండి. కుదిరితే పాత మేత కొంత, పాత పరుపు గుడ్డ ఒకటి తెచ్చుకోండి. ఉతక్కండి, ఆ వాసనే దానికి కావాలి. మీకు నచ్చిన పెల్లెట్లకి మార్చడం తర్వాతి పని. అంతా కుదుటపడ్డాక రెండు వారాలు పట్టేలా కొంచెం కొంచెం కలుపుతూ మార్చొచ్చు.

కొత్తిమీర, క్యాప్సికం, కీరదోస ముక్క, మందులు కొట్టని పచ్చగడ్డి, వీటిలో ఏదో ఒకదానికి చాలావరకు లొంగుతాయి. కొత్తిమీర వాసనకి దాక్కున్నది కూడా మూతి బయటపెడుతుంది. కానీ ఒకేసారి కుప్ప పోయకండి, అలవాటు లేని పచ్చిమేత ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, అవకాడో, చాక్లెట్ అస్సలు వద్దు.

క్యాప్సికం అన్నాను కదా, దానికింకో కారణం ఉంది. మనలాగే గినీ పిగ్ కూడా విటమిన్ సి సొంతంగా తయారు చేసుకోలేదు, క్యాప్సికంలో అది బాగా ఉంటుంది. కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా కావాలి, జబ్బులో ఉంటే 30 దగ్గరికి. అది అందకపోతే రెండు వారాల్లోనే లక్షణాలు మొదలవుతాయి. కీళ్లు నొప్పి, నడవడానికి బద్ధకం, చిగుళ్లలో రక్తం, ఆకలి మందగించడం. పాత చోట సరైన మేత లేనిదైతే, మీ ఇంటికి వచ్చేసరికే ఈ లోపంతో వచ్చి ఉండొచ్చు. పెల్లెట్లలోని విటమిన్ సి నిల్వ ఉన్నకొద్దీ తగ్గిపోతుంది కాబట్టి ప్యాకెట్ మీద తయారీ తేదీ చూడండి. నీళ్లలో చుక్కలు కలిపే పద్ధతి నాకు నచ్చదు. అది త్వరగా పాడవుతుంది, రుచి మారి అసలు నీళ్లే తాగడం మానేసే ప్రమాదం ఉంది.

ఇవన్నీ భయానికీ అలవాటుకీ సంబంధించినవి. నొప్పి వల్ల తిననిదాన్ని పోల్చుకోవడం ఎలా? మేత దగ్గరికి ఉత్సాహంగా వస్తుంది, నోట్లో పెట్టుకుంటుంది, వదిలేస్తుంది. గడ్డం తడిగా ఉంటుంది. ఇలా ఉంటే మొట్టమొదట పళ్ల సమస్యనే అనుమానించాలి. గినీ పిగ్‌కి 20 పళ్లు, అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వెనక దవడ పళ్లు సరిగ్గా అరగకపోతే వంపు తిరిగి నాలుకని కదలనివ్వవు. ముందు పళ్లు బాగున్నాయి కదా అని మీరు చూసి తేల్చేది కాదిది, వెట్ పరికరంతో లోపల చూడాలి. ముక్కు కారడం, ఊపిరి తీస్తుంటే చప్పుడు, మూత్రం పోస్తూ కీచుమనడం, ఒళ్లంతా రక్తం వచ్చేలా గోక్కోవడం, వీటిలో ఏది కనిపించినా 12 గంటలు ఆగక్కర్లేదు. ఇంకోటి, ఆడది అయితే గర్భంతో ఉందేమో అడగండి. ఆడామగా కలిపి ఉంచిన చోటు నుంచి వచ్చినవాటిలో ఇది అరుదేం కాదు. నెలలు నిండుతున్న గర్భంతో తిండి మానేస్తే తల్లి ప్రాణానికే ముప్పు.

వెట్ దగ్గరికి వెళ్లేలోపు సిరంజితో పట్టించొచ్చా? ముందు పొట్ట మీద చెయ్యి పెట్టి చూడండి. డప్పులా బిగుసుకుని ఉంటే ఏమీ పట్టించకండి, నేరుగా వెళ్లండి. మెత్తగా ఉంటే పట్టించొచ్చు, ఎంత అన్నది మాత్రం ఫోన్‌లో వెట్‌నే అడగండి. క్రిటికల్ కేర్ అనే పేరుతో అమ్మే మేత పొడి లాంటి పీచున్న పొడి దొరికితే మంచిది. లేకపోతే దాని పెల్లెట్లనే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తగా చేయండి. చిన్న 1 మి.లీ. సిరంజి తీసుకోండి. టవల్‌లో చుట్టి, నాలుగు కాళ్ల మీదే కూర్చోబెట్టండి, వెల్లకిలా పడుకోబెట్టి మాత్రం ఎప్పుడూ పట్టించొద్దు. ముందు పళ్ల వెనక పక్కగా ఖాళీ ఉంటుంది, అక్కడ నుంచి కొద్దిగా వదలండి. నమిలి మింగాకే మళ్లీ. తొందరపడి నోరు నింపితే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, అప్పుడు ఆకలి కంటే పెద్ద సమస్య. రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా. మీ నిద్ర చెడుతుంది, ఒప్పుకుంటాను.

ఇంట్లో ఉన్న మందులు ముట్టుకోకండి. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండమైసిన్ లాంటివి మనకి మామూలు మందులే కానీ, గినీ పిగ్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాని తుడిచిపెట్టి ప్రాణం తీయగలవు. వెట్ ఎవరైనా వీటిని రాస్తే "గినీ పిగ్‌కి ఇవ్వొచ్చా" అని అడగడంలో తప్పేం లేదు. వీలైతే కుందేళ్లు, గినీ పిగ్‌ల లాంటి చిన్న జంతువులను రోజూ చూసే వెట్‌నే వెతుక్కోండి, అదీ అవసరం రాకముందే.

తోడు గురించి ఒక మాట. ఇవి గుంపుగా బతికే జీవులు, జత నుంచి విడదీసినది దిగులుతోనే మేత తగ్గిస్తుంది. పాత జతని కూడా తెచ్చుకోగలిగితే అంతకన్నా మంచి మందు లేదు. కానీ తినడం లేదని హడావిడిగా ముక్కూమొహం తెలియని ఇంకోదాన్ని తెచ్చి అదే కేజ్‌లో పెట్టకండి. కొత్తదాన్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచి, రెండూ ఆరోగ్యంగా ఉన్నాయని తేలాకే కలపండి.

మళ్లీ తానంతట తాను గడ్డి నమలడం మొదలుపెట్టిన రోజే సిరంజి పక్కన పడేయాలనిపిస్తుంది. ఆగండి. బరువు వరసగా రెండు మూడు రోజులు నిలకడగా ఉండి, పెంటికలు మునుపటి సైజుకి వచ్చాక, పట్టించడం కొంచెం కొంచెంగా తగ్గించండి. ఆ తర్వాత కూడా ఒక నెల పాటు వారానికి రెండుసార్లు తూచి ఆ లెక్కలు రాసి పెట్టుకోండి. మళ్లీ ఎప్పుడైనా తిండి మానేస్తే వెట్ మొట్టమొదట అడిగేది ఆ కాగితమే.