మోరీ కట్టే ముందు మ్యాపు గియ్యాలె

నమస్తే అందరికీ.

2022 జులైల మహబూబ్‌నగర్ దగ్గర, మాచన్‌పల్లి–కోడూరు మధ్యల రైల్వే అండర్‌బ్రిడ్జి కింద వాననీళ్లల్ల స్కూలు బస్సు మునిగిన సంగతి యాదికున్నదా? పిల్లలను బయటికి తీసిండ్రు, గండం గడిచింది. మనమేమో డ్రైవర్ను తిట్టి ఊకున్నం. బ్రిడ్జి రైల్వేది, రోడ్డు ఇంకో శాఖది, పక్క చేన్లు రైతులయి. మరి ఆ నీళ్లు ఎక్కడికెల్లి వస్తయ్, ఎటు పోవాలె అని లెక్క రాసుకునేది ఎవలు? ఇయ్యాల ముచ్చట ఆ లెక్క గురించే.

ఒక ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దగ్గర దగ్గర 40 వేల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఎనిమిది సెంటీమీటర్లు పడితే 64 ట్యాంకర్లు, ఒక్క ఎకరానికే! అది చెలక ఉన్నప్పుడు భూమి కొంత తాగుతుండె. ఇప్పుడు అదే ఎకరం ప్లాట్లయింది, సీసీ రోడ్డయింది, వాకిట్ల టైల్స్ పడ్డయ్. నీళ్లు ఏడికి పోవాలె?

మన దిక్కు చెరువులన్నీ గొలుసుకట్టు. మీది చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది కుంటకు పోవాలె. నడుమల కాలువ మీద ఇండ్లు లేస్తే ఇండ్లల్లకే వస్తయ్. మహబూబ్‌నగర్ల పెద్దచెరువు నిండితే రామయ్యబౌలి వాళ్లకు నిద్ర ఉండదు. నల్గొండల లతీఫ్ సాబ్ గుట్ట మీద పడ్డ వాన బండ మీద ఇంకదు, ఉరుక్కుంట కిందికి వస్తది.

మరి మనం మోరీలు ఎట్ల కడుతున్నం? వార్డుకు ఇంత అని పైసలు పంచుతం. రోడ్డు పడ్డ కాడ పక్కపొంటి మోరీ పడతది. ఈ గల్లీ కాంట్రాక్టర్ లెవల్ ఒకటి, ఆ గల్లీ కాంట్రాక్టర్ లెవల్ ఇంకొకటి. రెండూ కలిసే మూల మీద నిలబడి చూడుర్రి, నీళ్లు ఎనుకకు మళ్లుతుంటయ్. ఇంట్ల వాడిన నీళ్లు, వాననీళ్లు రెండూ అండ్లనే. దాని మీద బండలు పరిచి మెట్లు కట్టుకునేది మనమే, అది వేరే ముచ్చట.

మోరీ ఎంత వెడల్పుండాలె అన్నది అందాజా మీద చెప్పేది కాదు. ఎంత జాగ నుంచి నీళ్లొస్తయ్, గంటకు ఎంత వాన, అండ్ల ఎంత ఇంకుతది, వాలు ఎంత, ఇవన్నీ లెక్క గట్టాలె. ఎట్ల గట్టాల్నో కేంద్ర పట్టణ శాఖ 2019లనే మాన్యువల్ ఇచ్చింది. పుస్తకం ఉన్నది, చేసే మనిషేడి? చిన్న మున్సిపాలిటీల ఉన్న ఒకరిద్దరు ఇంజినీర్లకే రోడ్లు, బిల్డింగులు, బిల్లులు, ఎమ్మెల్యే టూర్లు. చెరువుల ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తయో ఆ హద్దు, దాని లెక్కలు ఇరిగేషన్ దగ్గర, సర్వే నంబర్లు రెవెన్యూ దగ్గర. నన్నడిగితే, కలెక్టర్ ఈ ముగ్గురిని ఒక టేబుల్ మీద కూసోబెట్టాలె. సివిల్ ఇంజినీరింగ్ చదివే పోరగాండ్లకు టోటల్ స్టేషన్, అంటే భూమి ఎత్తుపల్లాలు కొలిచే సర్వే మిషన్, ఇచ్చి లెవల్స్ తీయిస్తే వాళ్లకూ పని వస్తది. సంతకం మాత్రం ఇంజినీరే పెట్టాలె.

ఇగ పైసల ముచ్చట. ఫండ్స్ లేవంటరు, సగమే నిజం. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా మనసొంటి పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్ల 40 శాతం ఫలానా దానికే అని కట్టడి లేనిది. మిగిలిన 60ల సగం తాగునీళ్లు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి. 2015ల వచ్చిన అమృత్ పథకంల వరద కాలువలు కూడా ఉండె. 2021ల వచ్చిన అమృత్ 2.0 నల్లా నీళ్లు, డ్రైనేజీ, చెరువుల దిక్కు మళ్లింది. రాష్ట్ర విపత్తు నిధుల 20 శాతం, వరద రాకముందే చేసే పనులకే. తలుపులున్నయ్. పోయి కొట్టాలంటే చేతిల డీపీఆర్, అంటే పని లెక్కలన్నీ ఉన్న పూర్తి రిపోర్టు, ఉండాలె.

హైదరాబాద్ చూడుర్రి. 2000 ఆగస్టు వరద తర్వాత కిర్లోస్కర్ కన్సల్టెంట్స్‌తోని నాలాల రిపోర్ట్ రాయించుకున్నరు. అది ఏండ్లకేండ్లు మూలకు పడ్డది, నిజమే. కానీ 2020 అక్టోబర్ వరద తర్వాత నాలాలకు 985 కోట్లు మంజూరయినయ్. రేపు నల్గొండకు, గద్వాలకు అసొంటి మోక దొరికితే ముందల పెట్టడానికి ఏమున్నది?

కట్టడానికి స్కీములుంటయ్, ఏటా పూడిక తీసే ఖర్చు మాత్రం మున్సిపాలిటీ తన జేబుల నుంచే ఎల్లదీసుకోవాలె. మిర్గంల తియ్యాల్సిన పూడిక దసరాకు తీసేది ఇందుకే. అమెరికాల బెల్వ్యూ అనే పట్నం 1974లనే వాననీటి కాలువల ఖర్చుకు వేరే ఫీజు పెట్టింది. జర్మనీల ఎన్ని చదరపు మీటర్లు సిమెంట్ చేసుకుంటే అంతకు కడతరు. మన కాడ ఇప్పుడే ఇంటింటికీ పెడితే లొల్లయితది, నేనూ ఒప్పుకోను. కానీ ఎకరాలకెకరాలు పార్కింగ్ పోసిన ఫంక్షన్ హాల్ మీద ఎందుకు పెట్టొద్దు? ఇంకుడు గుంత తీసి మట్టి ఇడిచిపెట్టినోళ్లకు ఇంటి పన్నుల కొంత తగ్గించొచ్చు కదా.

మీ మున్సిపాలిటీకి వరదనీటి ప్లాన్ ఉన్నదా, పోయినేడు పూడికకు ఎంత ఖర్చయింది? ఆర్టీఐ కింద ఈ రెండే అడగుర్రి. ఫీజు 10 రూపాయలు, 30 రోజులల్ల జవాబు రావాలె. దరఖాస్తు నమూనా కింద డిస్క్రిప్షన్ల పెట్టిన.